చీమలు పాకే దారి

1903 ఏప్రిల్ 25న హెన్రీ హెడ్ అనే లండన్ వైద్యుడు తన ఎడమ చేతిలో శుభ్రంగా పనిచేస్తున్న నరాన్ని కావాలని కోయించుకున్నాడు. మోచేతి దగ్గర, చర్మానికి స్పర్శనిచ్చే నరాన్ని డీన్ అనే సర్జన్, జేమ్స్ షెరెన్ సాయంతో కోసి, రెండు కొసల్నీ సన్నటి పట్టుదారంతో కలిపి కుట్టాడు. హెడ్‌కి ఏ జబ్బూ లేదు. నరాలు తెగిన రోగుల్ని చాలామందినే చూశాడాయన. స్పర్శ ఎలా పోయింది, ఎలా తిరిగొస్తోంది అని అడిగితే వాళ్ళ జవాబులు ఆయనకు చాలలేదు. వాళ్ళు అబద్ధం చెప్పేవారని కాదు. లోపల జరిగేదాన్ని గంటల తరబడి గమనిస్తూ, తేడాలు పట్టి, మాటల్లో పెట్టడం ఎవరికైనా కష్టమే. అందుకే తానే రోగి కావాలనుకున్నాడు.

ఆ తరవాత నాలుగేళ్ళకు పైగా, తీరిక దొరికినప్పుడల్లా కేంబ్రిడ్జి వెళ్ళి, సెయింట్ జాన్స్ కాలేజీలో మిత్రుడు రివర్స్ గదిలో కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. ఈ రివర్స్‌కి మన దక్షిణాది తెలుసు. ఈ ప్రయోగానికి కొద్దికాలం ముందే నీలగిరుల్లో తోడా జనం మధ్య గడిపి వచ్చాడు. 1906లో వాళ్ళ మీద పెద్ద గ్రంథమే వేశాడు. కేంబ్రిడ్జి గదిలో ఆయన పని హెడ్ చేతి మీద దూదితో రాయడం, సూదితో గుచ్చడం, వేడినీళ్ళ గొట్టం, చన్నీళ్ళ గొట్టం ఆనించడం, జవాబు రాసుకోవడం. అందులో ఒక చిక్కు ఎదురైంది. గ్లాసులో ఐసుముక్క చప్పుడైతే చాలు, చల్లటిది రాబోతోందని హెడ్ మనసు ముందే పసిగట్టేది. పొయ్యి మీంచి కెటిల్ దించిన చప్పుడు వినిపిస్తే వేడిదని ఊహించేది. అలాంటప్పుడు చేతికి తెలిసిందా, చెవికి తెలిసిందా? అందుకని రివర్స్ అన్నీ ముందే సర్దిపెట్టుకుని, చప్పుడు కాకుండా పరీక్షించడం నేర్చుకున్నాడు. 1908లో వాళ్ళ ఫలితాలు ‘బ్రెయిన్’ అనే పత్రికలో వచ్చాయి.

ఇద్దరు మేధావులు ఒక చెయ్యిని కొలవడానికి నాలుగేళ్ళు ఎందుకు పట్టింది? నరం కుట్టడం గంటల పని. అది బాగైందో లేదో తెలుసుకోవడానికి మాత్రం నెలలు, ఏళ్ళు కావాలి, ఓపిక కావాలి, మోసపోని పరీక్షలు కావాలి. ఈ అధ్యాయం ఆ పరీక్షల గురించి.

పందిరీ తీగా

‘నరం’ అన్న మాటను మనం చాలా వాటికి వాడేస్తాం. రక్తం తీసేటప్పుడు చేతిమీద ఉబ్బేదీ నరమే, మెడ పట్టేస్తే నరం మీద నరం ఎక్కిందంటాం, మణికట్టులో తాడులా తగిలే స్నాయువునీ నరమే అంటాం. ఇక్కడ మాట్లాడుతున్నది మాత్రం వెన్నుపాము నుంచి బయలుదేరి కండలకు ఆజ్ఞల్ని, చర్మం నుంచి కబుర్లని మోసే నరం గురించి. మోచెయ్యి గుమ్మానికి తగిలి చిటికెన వేలిదాకా జివ్వుమన్నప్పుడు మనకు తెలిసొచ్చేది ఇదే.

కరెంటు తీగ తెగితే రెండు కొసలూ మెలేసి టేపు చుడతాం, దీపం వెంటనే వెలుగుతుంది. నరం అలా కాదు. 1850లో అగస్టస్ వాలర్ కప్ప నాలుకకు వెళ్ళే నరాల్ని కోసి, తరవాత ఏమవుతుందో సూక్ష్మదర్శినిలో చూశాడు. తెగిన చోటు నుంచి కొస వరకు పోగులన్నీ చితికిపోయాయి. ప్రతి పోగూ వెన్నుపాములోనో, దాని పక్కనో ఉన్న ఒక కణం చాచిన పొడవాటి చెయ్యి. కణం నుంచి విడిపోతే ఆ ముక్క బతకదు.

దీన్ని పందిరి మీది తీగలా ఊహించుకోండి. పొట్ల తీగను మధ్యలో కోస్తే కోసిన చోటికి పైనున్నదంతా వాడిపోతుంది. పందిరి మాత్రం నిలిచే ఉంటుంది. మొదలు నుంచి కొత్త చిగురు వేసి, ఆ పందిరినే పట్టుకుని మళ్ళీ పాకాలి. నరంలోనూ అంతే. లోపలి పోగు నశించినా, దాన్ని చుట్టుకున్న గొట్టాలు ఉంటాయి. వెంట్రుక కన్నా సన్నని దారంతో సర్జన్ కుట్టేది ఆ పందిరినే. తీగ తనంతట తాను పాకాలి.

అన్ని గాయాలూ ఒకటి కావు. రెండో ప్రపంచ యుద్ధంలో నరాలు దెబ్బతిన్న సైనికులకు వైద్యం చేసిన హెర్బర్ట్ సెడన్ 1943లో వాటిని మూడు రకాలుగా విడదీశాడు. మొదటి రకంలో నరం నలిగి కొన్నాళ్ళు మూగబోతుంది, పోగులు తెగవు. కొద్ది వారాల్లో తనకు తానే తేరుకుంటుంది. రెండో రకంలో పోగులు తెగుతాయి, పందిరి నిలుస్తుంది. మూడో రకంలో పందిరితో సహా తెగుతుంది. దానికే ఆపరేషన్ కావాలి.

ఒక దర్జీని ఊహించుకుందాం. కిటికీ అద్దం పగిలి అతని కుడి మణికట్టు కోసుకుపోయింది. మణికట్టు మధ్యలోంచి వెళ్ళే నరం తెగింది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం మొద్దుబారిపోయాయి. బొటనవేలిని మిగతా వేళ్ళకు ఎదురుగా తెచ్చే కండ చచ్చుబడింది. అదేరోజు నరం కుట్టారు. గాయం మానింది, కుట్లు విప్పేశారు. మచ్చ తప్ప పైకేమీ కనిపించడం లేదు. లోపల తీగ ఎంతదూరం వచ్చిందో ఎలా తెలియాలి?

మొదటి కబురు

1915లో యూరప్ యుద్ధంలో మునిగి ఉంది. బులెట్లు, ఫిరంగిగుండ్ల ముక్కలు తగిలి నరాలు తెగిన సైనికులు రెండు వైపులా ఆసుపత్రుల నిండా ఉన్నారు. ఆ ఏడాది మార్చిలో జర్మనీలో పాల్ హాఫ్‌మన్, అక్టోబరులో ఫ్రాన్సులో జూల్ టినెల్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే సంగతి రాశారు. దెబ్బతిన్న నరం దారి వెంట వేలితో మెల్లగా తడితే, ఒకచోట రోగికి చీమలు పాకినట్టు జివ్వుమంటుంది. ఆ జివ్వుమనడం తట్టిన చోట కాక, ఆ నరం వెళ్ళే వేళ్ళ కొసల్లో తెలుస్తుంది. ఎక్కడ తడితే అలా అనిపిస్తోందో, చిగురు అక్కడిదాకా వచ్చినట్టు. కొత్తగా పుట్టిన పోగుల మీద ఇంకా కొవ్వు తొడుగు ఏర్పడలేదు. అందుకే చిన్న తాకిడికే ఉలిక్కిపడతాయి.

టినెల్ ఇంకో తేడా కూడా పట్టాడు. తట్టిన చోటే నొప్పి పుడితే అది నరం రాపిడికి గుర్తు. చీమలు పాకినట్టుంటే అది నరం పెరుగుదలకు గుర్తు. తెలుగు రోగికి ఈ తేడా వివరించనక్కర్లేదు. నొప్పి వేరు, తిమ్మిరి వేరు అని పసిపిల్లలకూ తెలుసు.

మన దర్జీకి నెలా నెలన్నర తరవాత వేళ్ళ వైపు నుంచి మొదలుపెట్టి మణికట్టు వైపుకి తట్టుకుంటూ వస్తారు. జివ్వుమన్న చోట చుక్క పెట్టి, మచ్చ నుంచి ఎన్ని సెంటీమీటర్లో కొలిచి రాసుకుంటారు. మళ్ళీ వచ్చినప్పుడు ఆ చుక్క ముందుకి జరిగిందా? జరిగితే నరం పెరుగుతోంది. మచ్చ దగ్గరే నెలల తరబడి ఆగిపోతే పోగులు అక్కడే చిక్కుపడి ఉండవచ్చు, మళ్ళీ తెరిచి చూడాలా అని ఆలోచించాల్సి వస్తుంది. పైసా ఖర్చు లేని పరీక్ష. అయితే దీనికి హద్దు ఉంది. కొన్ని పోగులు వచ్చినా చీమలు పాకుతాయి. ఎన్ని వచ్చాయో, అవి రేపు పనికొస్తాయో ఈ పరీక్ష చెప్పదు.

రోజుకో మిల్లీమీటరు

తీగ నడక సుమారు రోజుకు ఒక మిల్లీమీటరు. మణికట్టు నుంచి వేలి కొసకి పదహారు, పదిహేడు సెంటీమీటర్లు. మొదట్లో చిగురు వెయ్యడానికి పట్టే కొద్ది వారాలు కలుపుకుంటే, దర్జీ వేలికొసకి మొదటి కబురు చేరడానికి ఆరేడు నెలలు. అంటే మూడో నెలలో అతను వచ్చి “వేళ్ళు ఇంకా మొద్దుగానే ఉన్నాయండీ” అంటే ఆపరేషన్ చెడిపోయిందని అనుకోకూడదు. ఏ నెలలో ఏది రావాలో లెక్క వేసుకుని, దానితో పోల్చాలి.

అదే లెక్క ఒక్కోసారి భయపెడుతుంది. మోటారు సైకిలు మీంచి పడ్డప్పుడు భుజం, తల చెరోవైపుకీ లాగబడి, మెడ నుంచి చేతికి వెళ్ళే నరాల గుత్తి తెగుతుంది. మెడ నుంచి అరచేతికి ముప్పావు మీటరు దాకా దూరం. ఆ నడకకి రెండేళ్ళు దాటుతుంది. కండ అంతకాలం ఎదురు చూడదు. సుమారు ఏడాది, ఏడాదిన్నర లోపు నరం చేరకపోతే అది కబురు అందుకునే శక్తి కోల్పోతుంది. అందుకే 1994లో క్రిస్టోఫ్ ఒబెర్లాన్ దగ్గరి దారి చూపాడు. చిటికెన వేలి వైపు వెళ్ళే నరంలోంచి చిన్న పాయను తీసి, మోచేతిని మడిచే కండకు వెళ్ళే నరానికి కండ పక్కనే అతికించాడు. మరో పద్ధతిలో పక్కటెముకల మధ్య నుంచి నరాలు తెచ్చి అదే కండకి కలుపుతారు. ఆ రోగిని పరీక్షించేటప్పుడు “మోచెయ్యి మడవండి” అంటే మొదట్లో ఏమీ జరగదు. “ఊపిరి బాగా పీల్చండి” అనాలి. పీల్చినప్పుడు కండలో చిన్న కదలిక చేతికి తగులుతుంది. ఊపిరి నరం చేతిని కదిలిస్తోంది! తరవాత నెలల సాధనతో మెదడు ఊపిరినీ చేతినీ విడదీసుకుంటుంది. ఏ నరాన్ని ఎక్కడికి తెచ్చారో తెలియనివాళ్ళు పరీక్షిస్తే, ఆ మొదటి కదలికను చూడకుండానే ఆపరేషన్ చెడిపోయిందనుకునే ప్రమాదం ఉంది.

కండబలానికి ప్రపంచమంతా వాడే కొలబద్ద కూడా యుద్ధకాలపుదే. బ్రిటన్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ ఖాయపరచిన ఈ కొలతలో సున్నా నుంచి అయిదు దాకా మార్కులు. కదలికే లేకపోతే 0. కండ అదిరినట్టు తెలిస్తే 1. చేతిని బల్ల మీద ఆనించి, బరువు లేకుండా చేసినప్పుడు కదిలితే 2. భూమి ఆకర్షణను గెలిచి పైకి లేస్తే 3. మనం అడ్డుకున్నా లేపగలిగితే 4. మామూలు బలం 5. చూడ్డానికి తేలికే కానీ నాలుగో మెట్టు చాలా వెడల్పు. చెంబెడు నీళ్ళు ఎత్తేవాడికీ బిందె ఎత్తేవాడికీ అదే మార్కు పడొచ్చు. అందుకే పిడికిలి బలాన్ని యంత్రంతో కిలోల్లో కూడా కొలుస్తారు.

కండలు మోసం చేస్తాయి కూడా. ఒకటి చచ్చుబడితే పక్కది దాని పని ఎత్తుకుంటుంది. 1915లోనే జూల్ ఫ్రోమాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగి రెండు చేతుల బొటనవేళ్ళకీ చూపుడు వేళ్ళకీ మధ్య వార్తాపత్రిక పెట్టి లాగమన్నాడు. చిటికెన వేలి వైపు నరం దెబ్బతిన్న చేతిలో బొటనవేలి కణుపు వంగిపోయింది. నొక్కి పట్టాల్సిన కండ లేక, వేలిని మడిచే వేరే కండ ఆ పని చేస్తోంది. కాగితం జారలేదు కదా అని సంతోషిస్తే పొరపాటే. పని ఎవరు చేశారో చూడాలి.

స్పర్శ ఒక్కటి కాదు

హెడ్, రివర్స్ తేల్చిన ముఖ్యమైన సంగతి, స్పర్శ మెట్లు మెట్లుగా వస్తుందని. మొదట మొరటు స్పర్శ వచ్చింది. గుచ్చితే నొప్పి తెలిసేది, కానీ అతిగా, ఎక్కడో తెలియకుండా వ్యాపించేది. దూదితో రాస్తే తెలియడం, ఎక్కడ తాకారో చెప్పగలగడం చాలా కాలం తరవాత వచ్చాయి. దీన్నిబట్టి నరాల్లో రెండు వేరు వేరు వ్యవస్థలున్నాయని వాళ్ళు వాదించారు. 1909లో విల్‌ఫ్రెడ్ ట్రాటర్, మారిస్టన్ డేవిస్ తమ నరాల్నే కోయించుకుని చూసి, ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. సిద్ధాంతం నిలవలేదు. మొరటు స్పర్శ ముందు, సున్నితమైనది తరవాత అన్న పాఠం మిగిలింది.

అందుకే “తెలుస్తోందా?” అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకోకూడదు. ఎంత మెల్లగా తాకితే తెలుస్తోంది? దీనికి నైలాను పోగులున్నాయి. 1960లో సెమ్స్, వైన్‌స్టీన్ తయారుచేసిన ఈ పోగుల్లో ఒక్కొక్కటీ ఒక నిర్ణీత బరువు దగ్గర వంగిపోతుంది, పరీక్షించేవాళ్ళు ఎంత నొక్కినా అంతకు మించి బరువు పడదు. మామూలు వేలికొసకి గ్రాములో వందో వంతుల్లో ఉండే తాకిడి కూడా తెలుస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళకు అరికాలు పరీక్షించే పది గ్రాముల పోగు ఈ కుటుంబంలోదే. చాలామంది తెలుగువాళ్ళు దాన్ని క్లినిక్కుల్లో చూసే ఉంటారు.

తరవాతి ప్రశ్న, తాకింది ఒక మొనా రెండా? 1834లో వెబర్ వృత్తలేఖిని రెండు మొనలతో మొదలుపెట్టిన పరీక్ష ఇది. వేలికొస మీద ఆరు మిల్లీమీటర్ల కన్నా దగ్గరున్న రెండు మొనల్ని మామూలు వేలు విడిగా గుర్తుపడుతుంది. నరం కుట్టిన పెద్దవాళ్ళలో ఆ స్థాయి తిరిగి రావడం అరుదు.

స్వీడన్ సర్జన్ ఎరిక్ మోబెర్గ్‌కి ఇదీ చాలలేదు. దూది తగిలితే తెలిసే వేలు కూడా బొత్తాం పెట్టుకోలేకపోవడం ఆయన చూశాడు. 1958లో ఆయన వివరించిన పరీక్షలో బల్ల మీద నాణెం, తాళంచెవి, పిన్ను లాంటి చిన్న వస్తువులు పోస్తారు. రోగి వాటిని ఏరి డబ్బాలో వెయ్యాలి, ముందు కళ్ళు తెరిచి, తరవాత మూసుకుని. స్పర్శ లేని వేళ్ళని చెయ్యి తనంతట తానే పక్కకు పెట్టేసి, బాగున్న వేళ్ళతో తీస్తుంది. నోటితో చెప్పేదాని కన్నా చెయ్యి చేసే ఎంపికే నిజం చెబుతుంది.

మన ఇళ్ళలో ఇలాంటి పరీక్షలు రోజూ జరుగుతూనే ఉంటాయి. బియ్యంలో రాయి వేలికి తగలడం, మల్లెమొగ్గ నలగకుండా ముడి వెయ్యడం, జేబులో చెయ్యి పెట్టి రూపాయినీ రెండు రూపాయల బిళ్ళనీ వేరు చెయ్యడం, వేడి అన్నం కాలకుండా కలుపుకోవడం. మన దర్జీ తెగ్గోసుకున్న నరం సరిగ్గా మనం అన్నం ముద్ద చేసే వేళ్ళకు వెళ్ళేదే. చెంచాతో తినే దేశంలో తయారైన ప్రశ్నావళిలో ఈ మాట ఉండదు. మన దగ్గర మాత్రం తప్పక అడగాలి.

జవాబు చెప్పలేని పసిపిల్లల మాటేమిటి? బట్టలుతికిన చేతివేళ్ళు నాని ముడతలు పడతాయి కదా, నరం లేని వేలు పడదు. 1973లో ఓ’రియన్ దీన్నే పరీక్షగా మార్చాడు. గోరువెచ్చని నీళ్ళలో అరగంట ఉంచితే చాలు, బిడ్డ ఒక్క మాటా చెప్పక్కర్లేదు. కండలోకి సూది పెట్టి విద్యుత్తును చూసే పరీక్ష కూడా రోగి మాటతో పనిలేకుండా, కంటికి కదలిక కనబడే ముందే తిరిగొస్తున్న నరాన్ని పట్టిస్తుంది.

చిరునామా మారిన ఉత్తరాలు

కుట్టిన నరంలో వేలాది పోగులు. ప్రతిదీ తన పాత గొట్టంలోకే వెళ్తుందని హామీ లేదు. చూపుడు వేలికి వెళ్ళాల్సింది మధ్యవేలికి వెళ్ళవచ్చు. చూపుడు వేలు ముట్టుకుంటే మధ్యవేలు ముట్టుకున్నట్టు అనిపిస్తుంది. ఉత్తరాలన్నీ చేరాయి, చిరునామాలు మారాయి. వాటిని చదివేది మెదడు. స్వీడన్‌లోని మాల్మోలో గోరన్ లుండ్‌బోర్గ్ లాంటివాళ్ళు దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే. నరం చేతిలో తెగినా, మెదడులో ఆ చేతి పటం చెరిగిపోతుంది. మళ్ళీ గీసుకోవాలి. పిల్లల మెదడు ఆ పని సులువుగా చేస్తుంది, అందుకే వాళ్ళ ఫలితాలు మెరుగు. పెద్దవాళ్ళకు సాధన కావాలి. కళ్ళు తెరిచి చూస్తూ గరుకు గుడ్డనీ నున్నటి గుడ్డనీ తాకాలి, తరవాత కళ్ళు మూసుకుని అదే గుర్తుపట్టాలి. దర్జీ అంగడిలో ఈ సాధనకు కావలసిన సరుకుకి కొదవలేదు.

పెన్ను ములికి

ఖరీదైన సరంజామా లేకపోయినా కొలవవచ్చని మన దేశంలో కుష్ఠు వైద్యం నేర్పింది. కుష్ఠు నరాల్ని తినే వ్యాధి. 1940ల చివర్లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్, చచ్చుబడిన వేళ్ళకు పనిచేసే కండల స్నాయువుల్ని మార్చి అతికించే ఆపరేషన్లు మొదలుపెట్టాడు. ఆ రోగుల వేళ్ళు క్రిమి వల్ల రాలిపోవడం లేదనీ, నొప్పి తెలియక కాలి, కోసుకుని, పుండ్లు పడి అరిగిపోతున్నాయనీ గట్టిగా చెప్పాడు. ఈ రోజుకీ కుష్ఠు కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తలు బాల్‌పాయింట్ పెన్ను ములికిని చర్మం మీద మెల్లగా ఆనించి, కళ్ళు మూసుకున్న మనిషిని ఆ చోట చూపించమంటారు. కండల్ని బలంగా ఉంది, బలహీనంగా ఉంది, చచ్చుబడింది అని మూడు మాటల్లో రాస్తారు. మోచేతి దగ్గర నరం ఉబ్బి, మందులతో తగ్గక, ఆపరేషన్‌తో ఒత్తిడి తీసినవాళ్ళకీ ఇదే పట్టిక ముందూ వెనకా నింపుతారు. పల్లె ఆరోగ్య కేంద్రంలో చెయ్యగలిగిన పరీక్ష నెలనెలా జరిగితే, పెద్దాసుపత్రిలో ఒక్కసారి జరిగే గొప్ప పరీక్ష కన్నా అదే మేలు.

మొత్తం లెక్క

ఇన్ని కొలతలు వచ్చాక, ఒక్క మాటలో బాగైందా లేదా అంటే? 2000 సంవత్సరంలో బిర్గిట్టా రోసెన్, లుండ్‌బోర్గ్ ఒక పద్ధతి ఇచ్చారు. స్పర్శ, కండబలం, నొప్పి, అసౌకర్యం అన్నీ విడిగా కొలిచి ఒకే లెక్కలోకి తెచ్చారు. నొప్పికి అందులో చోటుండడం చాలా ముఖ్యం. కండకి నాలుగు మార్కులొచ్చినా, చలికాలం ఉదయం కుళాయి నీళ్ళు తగిలితే చెయ్యి జలదరించి పని మానేసే మనిషికి ఆ మార్కులు అన్నం పెట్టవు. 1996లో వచ్చిన ‘డాష్’ అనే ముప్పై ప్రశ్నల పట్టిక నేరుగా రోగినే అడుగుతుంది. సీసా మూత తిప్పగలరా, బరువు మొయ్యగలరా, నిద్ర పడుతోందా?

నా దృష్టిలో నరాల సర్జరీ ఫలితాన్ని చివరికి తీర్పు చెప్పాల్సింది ఆ మనిషి పని. మన దర్జీ సూదిలో దారం ఎక్కించగలిగితే అది విజయం. కండకి అయిదు మార్కులొచ్చి, సూది వేళ్ళ మధ్య నుంచి జారిపోతుంటే ఇంకా సాధన మిగిలే ఉంది. సర్జన్ కొలతలూ రోగి బతుకూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసినప్పుడే నిజం తెలుస్తుంది.

మీకో మీవాళ్ళకో నరం కుట్టి ఉంటే, కుట్లు విప్పాక ఆసుపత్రికి వెళ్ళడం మానెయ్యకండి. స్పర్శ రాని వేళ్ళతో వేడి గిన్నె ముట్టుకోకండి, ముందు రెండో చేత్తో చూడండి. వెళ్ళే ముందు కాగితం మీద రాసుకోండి: చెయ్యి కొత్తగా చేస్తున్న పనులేమిటి, ఇంకా చెయ్యలేనివేమిటి, నొప్పి ఎక్కడ, జివ్వుమనడం ఎక్కడిదాకా వచ్చింది. పోయినసారి కొలతలెంతో, ఈసారి ఎంతో అడిగి పక్కనే రాయించుకోండి. రోజుకో మిల్లీమీటరు నడిచేదాన్ని ఒక్కరోజు చూపుతో పట్టుకోలేం. వరసగా కొలుస్తూ పోతేనే అది కనబడుతుంది.